మెమరీ చిప్పుకు పెట్టిన బొట్టు

సైదులు మామ ఉద్యోగం ఊడబోతోందన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా కోదాడ చిన్నమ్మ. ఆ ఉద్యోగాన్ని నిలబెడతానని బయల్దేరి, ఆయన్ని ఇంకొంచెం తొందరగా ఇంటికి పంపేంత పని చేసింది నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుదామనే ఇప్పుడు కూర్చున్నాను. చదివేవాళ్లలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఉంటే, దయచేసి ఏదీ తాగుతూ చదవకండి. పొలమారితే నాది పూచీ కాదు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. కూతుర్ని మిర్యాలగూడలో ఇచ్చింది. కోదాడ నుంచి కూతురి దగ్గరికి, అక్కణ్నుంచి సూర్యాపేటలో మా ఇంటికి, మా ఇంటి నుంచి మళ్లీ కోదాడకు బస్సుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఈ మూడు ఊళ్ల మధ్య ఏ కబురైనా ముందు ఆమె బస్సు దిగాలి, తర్వాతే ఫోన్లలోకి ఎక్కాలి. ఆ రోజు చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

“ఏమే సుగుణా, విన్నావా? సైదులన్నని మిల్లులో తీసేస్తున్నారంట!”

“ఎందుకు చిన్నమ్మా? ఏం జేసిండు?”

“డ్రయ్యర్లో వడ్లకి వేడెక్కువై బియ్యమంతా నూకలైపోయిందంట. ఈయనేమో చెయ్యి పెట్టి చూసి ‘మంచిగనే ఉన్నయ్’ అన్నాడంట. ‘నీకు వయసైంది, నీ చెయ్యి మొద్దుబారింది, ఇంటికాడ కూర్చో’ అన్నాడంట సేటు. కాసిన్ని నీళ్లియ్యవే, గొంతెండిపోయింది.”

నాకూ ఎండిపోయింది. ఎందుకో చెబుతాను.

చిన్నప్పుడు జబ్బుచేసి నేను బడికి పోలేదు. మా బాపుకు ఇంటి ముందు గదిలోనే రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. అక్షరాలూ, ఎక్కాలూ, ఏ రంగు గీతలున్న రెసిస్టరు ఎంతో, అన్నీ ఒకే పలక మీద నేర్పాడు. సైదులు మామ బాపు స్నేహితుడు. మిర్యాలగూడ మిల్లులో చెడిపోయిన మీటర్లన్నీ సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చేవాడు. బాపు చేతిలో కూడా బతకనివి ఉంటే నా ఒళ్లో పెట్టి, “ఇగ ఇది నీది బిడ్డా, ఇప్పుకో” అనేవాడు. నేను నా చేతులతో విప్పిన మొదటి యంత్రం ఆయన ఇచ్చిందే. ఇప్పుడు బాపు లేడు, దుకాణం నేనే నడుపుతున్నాను. నాకొచ్చిన విద్యలో సగం ఆ సంచిలోంచి వచ్చిందని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.

ఇక మామ పని గురించి. అది ఉప్పుడు బియ్యం మిల్లు. ఉడికించిన వడ్లను ఇల్లంత ఎత్తున్న డ్రయ్యర్లో వేడిగాలితో ఆరబెడతారు. వేడి ఎక్కువైతే గింజ పగిలి, మర పట్టినప్పుడు నూక అవుతుంది. మామ గంటగంటకూ గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వేడి ఎంతో చెబుతాడు. నేను పుట్టకముందు నుంచీ అదే ఆయన కొలువు. ఆ రోజు నడుమ కరెంటు పోయి ఫ్యాను ఆగిందనీ, అప్పుడు లోపల వేడి ఎగబాకిందనీ, గింజ తన చేతికి వచ్చేసరికి చల్లబడిందనీ ఆయన వాదన. సాక్ష్యం లేదు. డ్రయ్యర్‌కు గాలి వేడి చూపే మీటరు ఉంది గానీ, అది ఇప్పుడెంతో చెబుతుంది, ఇందాక ఎంతో చెప్పదు.

ఇంకేం, నాలోని మహా ఇంజనీరు మేల్కొంది. మర్నాడే మిర్యాలగూడ బస్సెక్కి సేటు ముందు నిలబడ్డాను.

“సేటూ, మీ మీటరుకు యాది లేదు. కరెంటు పోయినా మర్వని డబ్బ నేను జేసిస్త. నిమిషం నిమిషం ఏడి రాసుకుంటది. మామ చెయ్యి తప్పా, కరెంటు తప్పా అదే చెప్తది.”

సేటు కళ్లద్దాల పైనుంచి చూశాడు. “ఏం సదివినవమ్మా నువ్వు?”

“ఇంట్లనే సదివిన.”

“ఇంట్ల సదివితే ఇంజనీర్లయితరా?”

“బయట సదివినోళ్లు పెట్టిన మీటరే గద మీ మీటరు?” అన్నాను. వినయం నాకు చిన్నప్పటి నుంచీ కొంచెం ఎక్కువే.

సేటు నవ్వి, “పది రోజులిస్తున్న. ఆడిదాంక మీ మామ ఉంటడు. నీ డబ్బ నడవకపోతే పదకొండో నాడు కొత్తాయన వస్తడు, గంతే” అన్నాడు.

బయట లారీ నీడలో మామ నిలబడి ఉన్నాడు. “అయితదా బిడ్డా?”

“అయిపోయిందనుకో మామా.”

ఈ మాట కూడా నా పాపాల ఖాతాలో రాసుకోండి.

హైదరాబాద్ నుంచి ఒక ఎవాల్యుయేషన్ బోర్డు, రెండు మెమరీ చిప్పులు తెప్పించాను. ఎవాల్యుయేషన్ బోర్డంటే, ప్రాసెసర్‌కు పెళ్లిచూపులు ఏర్పాటు చేసిన పలక. దాన్ని మధ్యలో కూర్చోబెట్టి, దాని కాళ్లన్నిటినీ అంచుల దాకా లాగి, “రండి, ఏ తీగ కావాలంటే ఆ తీగ పెట్టి చూసుకోండి” అన్నట్టు ఉంటుంది. ఈ ప్రాసెసర్ అనేది మహా తెలివైనదే, లెక్కలు కన్నుమూసి తెరిచేలోగా చేస్తుంది. కానీ కరెంటు పోయి వస్తే తన పేరు కూడా గుర్తుండదు. అందుకని పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చునే గుమాస్తా ఒకడు కావాలి. ఆ గుమాస్తానే సీరియల్ ఫ్లాష్ చిప్పు. చింతగింజంత ఉంటుంది. రేషను షాపు ముందు మనుషుల్లా మాటల్ని ఒకదాని వెనక ఒకటే లోపలికి రానిస్తుంది. అందుకే నాలుగు తీగలతో సరిపెట్టుకుంటుంది. ఒకటి భజనలో చిడతల్లా తాళం వేసే తీగ, ఒకటి చెప్పే తీగ, ఒకటి వినే తీగ, ఒకటి “నిన్నే పిలుస్తున్నా, లే” అని తట్టి లేపే తీగ. ఇవి కాక కరెంటు వచ్చేదొకటి, పోయేదొకటి.

చిప్పుకు అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది కాళ్లు. బోర్డు మీద సాకెట్‌లో దాన్ని ఇలాగైనా గుచ్చవచ్చు, అటుది ఇటు తిప్పి అలాగైనా గుచ్చవచ్చు. తిప్పి గుచ్చితే మాత్రం కరెంటు వచ్చే కాలు, పోయే కాలు తారుమారై చిప్పు చస్తుంది. అలా కాకుండా ఉండటానికి తయారుచేసినవాళ్లు ఒక చివర, మొదటి కాలు పక్కన, సూదిమొనతో నొక్కినట్టు చిన్న గుంట పెడతారు. డాట్ అన్నా, చుక్క అన్నా అదే. ఈ గుంటను గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా పసుపు కుంకుమ పడందే పనిలోకి దిగదు. ఫ్యాను, మిక్సీ, సోల్డరింగ్ ఐరన్, ఆఖరికి ప్రతిసారీ మార్చే గ్యాసు బండ కూడా. అలాంటిది సైదులు మామ బతుకును మోయబోయే చిప్పుకు బొట్టు పెట్టకుండా ఎలా?

శుక్రవారం తలస్నానం చేసి, దేవుని అర్రలో తమలపాకు మీద చిప్పును పెట్టాను. రెండో చిప్పు అదనానికి తెప్పించింది కనుక కవర్లోంచే తీయలేదు. అది ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో! నా బొటనవేలేమో బెండకాయంత, చిప్పేమో చింతగింజంత. పసుపు అద్దితే మూలమూలకూ పాకి, గుంట పూడిపోయింది. తర్వాత అగ్గిపుల్లతో కుంకుమ బొట్టు. ఎక్కడ పెట్టాలి? గుంట ఎడమ చివర ఉందని తెలుసు. శుభమా అని మొదలుపెడుతూ ఎడమవైపు బొట్టేమిటని కుడి చివర పెట్టాను. గుండ్రంగా, ముచ్చటగా కుదిరింది. “తల్లీ, మా మామ చెయ్యి మొద్దుబారలేదని ఆ సేటుకు తెలిసేట్టు చెయ్యి” అని మొక్కాను. తడి ఉంటే షార్టవుతుందని పసుపును పూర్తిగా ఆరనిచ్చాను కూడా. ఎంత జాగ్రత్తో చూడండి!

శనివారం పనికి కూర్చున్నాను. చుక్క ఎటువైపుంది? ఇదిగో, ఎర్రగా, ధగధగా మెరుస్తోంది. చుక్క ఉన్న చివరను మొదటి కాలు వైపు పెట్టి, రెండు చేతులూ జోడించి, గుచ్చేశాను.

తీగలన్నీ కలిపి, అంకెలు చూపే చిన్న తెర తగిలించి, ప్రోగ్రాం ఎక్కించి, ప్రాసెసర్‌తో చిప్పును మర్యాదగా అడిగించాను: నువ్వెవరు? మంచి చిప్పయితే తన కంపెనీ, తన వివరం చెబుతుంది. నాది, “ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్” అంది. అవతల పలికేవాళ్లు లేనప్పుడు తెర మీద కనపడే అంకె అది. అనుమానం వచ్చిందా? వచ్చింది. తీగల మీద వచ్చింది. అన్నీ పీకి కొత్తవి వేశాను. తర్వాత ప్రోగ్రాం మీద వచ్చింది. మూడుసార్లు తిరగరాశాను. తాళం మరీ వేగంగా ఉందేమోనని నత్తనడకకు తెచ్చాను. బోర్డు మీది చిన్న లైటు కాస్త మసకగా వెలుగుతోందని గమనించి, సూర్యాపేట కరెంటును తిట్టాను. నన్ను తప్ప లోకంలో అందరినీ అనుమానించాను.

మూడో రోజు చిన్నమ్మ మళ్లీ దిగింది.

“ఏమంటుందే నీ డబ్బా?”

“ఎఫ్ ఎఫ్ అంటున్నది చిన్నమ్మా.”

“అంటే?”

“అంటే, ఏం లేదని.”

“మూడ్రోజుల్నుంచి తిండి మానేసి అడుగుతుంటే ‘ఏం లేదు’ అంటదా? అచ్చం మీ బాబాయే! దిష్టి తగిలిందే దానికి.”

నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి బోర్డు చుట్టూ తిప్పింది. తిప్పుతూ, “బొట్టు మాత్రం చక్కగా పెట్టావే” అని మెచ్చుకుంది. నేను సిగ్గుపడ్డాను కూడా.

“ఒకసారి వేలుపెట్టి చూడకపోయావా?” అని మీరు అడగవచ్చు. ఏ బోర్డు చెడినా ముందు వేలు పెట్టి ఎక్కడ వేడెక్కిందో చూడు అన్నది బాపు నాకు నేర్పిన మొదటి పాఠం. కానీ పూజలో బొట్టు పెట్టినదాన్ని ఊరికే తడమవచ్చా? బోర్డు మీద ఉన్న ప్రతి ముక్కనూ తాకి చూశాను, ఆ ఒక్కదాన్ని తప్ప.

చివరికి చిప్పు అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను. ఎత్తినతను పాపం మంచివాడు.

“డాట్ సూసి పెట్టిన్రా మేడమ్?”

“సూసే పెట్టిన. మా గల్లీ చివర్నుంచి గూడ కనపడతది.”

“గల్లీ చివర్నుంచా? శాన చిన్నగ ఉంటది గద మేడమ్!”

“మాది పెద్దగనే ఉన్నది. ఎర్రగ, మంచిగ.”

“ఎర్రగనా? మేడమ్, మా చిప్పుల మీద ఎరుపు...”

“కొత్త మాల్ సంగతి నీకు తెల్వనట్టుంది తమ్మీ” అని జాలిపడి, నేనే ఫోన్ పెట్టేశాను.

పదో రోజు వచ్చింది. సూర్యాపేట కరెంటుకు పనిచేయనిది మిర్యాలగూడ కరెంటుకు చేస్తుందేమోనన్న గొప్ప శాస్త్రీయ ఆశతో డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. మిల్లు దగ్గర సైదులు మామ ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని ఎదురొచ్చాడు. ఊక ధూళిలో పనిచేసే మనిషిని తెల్లచొక్కాలో ఎప్పుడూ చూడలేదు. అది చూసి డబ్బాను కొంగు చాటుకు లాక్కున్నాను.

సేటు గదిలో బల్ల మీద బోర్డు పెట్టి, వేడి కొలిచే తీగను బయటికి లాగి స్విచ్ వేశాను. తెర మీద గది వేడి కనపడింది. అంతవరకు ప్రాసెసర్ పనే కనుక బాగానే ఉంది.

“మంచిగున్నది. ఇగ బంద్ జేసి మల్ల వెయ్యి. ఇందాక ఎంత ఏడి ఉండెనో సూపియ్యి” అన్నాడు సేటు.

ఆపి వేశాను. తెర నిండా ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్.

సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. “ఏందమ్మా ఇది? గీ మతిమరుపు డబ్బకంటే మా సైదులే నయం గద! ఆయనకు పోయినేడు సంగతులన్న యాదుంటయ్.”

“జర ఆగున్రి సేటూ, తీగ లూజున్నట్టుంది.”

“తీగ లూజున్నదో, ఇంకేమన్న లూజున్నదో! సరేగాని, రేపట్నుంచి కొత్తాయన...”

అప్పుడు మామ ముందుకు వంగాడు. బోర్డుకు జానెడు ఎత్తున అరచెయ్యి చాపాడు.

“బిడ్డా, ఇండ్ల ఏదో కాల్తున్నది.”

“ఏం కాల్తలేదు మామా. వాసన గూడ లేదు.”

“వాసనకంటే ముందుగాల చేతికి తెలుస్తది.” వడ్ల మీద తిప్పినట్టే అరచేతిని బోర్డు మీద మెల్లగా తిప్పి, కళ్లు మూసుకున్నాడు. చెయ్యి ఒకచోట ఆగింది. “గీడ. గీ బొట్టు పెట్టుకున్నామె కాడ.”

“మామా, దాన్ని తాకకు! పూజల పెట్టింది!”

అప్పటికే వేలు ఆనింది. “ఓయమ్మ! అరవై దాటింది. అరవై రెండు ఉంటది. జరంతోని ఉన్నది బిడ్డా ఇది. సూడు, కుంకుమ గూడ మాడి నల్లగయింది.”

సేటు నమ్మలేదు. “ఏది, ఆ తీగ ఇటియ్యి” అని, వేడి కొలిచే నా తీగనే తీసుకుని చిప్పు నెత్తిన ఆనించాడు. తెర మీద అంకె పెరిగి పెరిగి అరవై రెండు దగ్గర ఆగింది. నా డబ్బా మొట్టమొదట చేసిన ఘనకార్యం తన జ్వరం తానే కొలుచుకోవడం.

నేను గబుక్కున స్విచ్ తీసేశాను. మామ వేలికి అంటుకుని ఎండిన పసుపు పెచ్చు ఊడి వచ్చింది.

“బిడ్డా, ఇటు చివరకు ఇంకో సుక్క ఉన్నదేంది? సిన్న గుంట లెక్క?”

మిల్లులో యంత్రాలన్నీ నడుస్తూనే ఉన్నాయట. నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

“నువ్వు ఏ సుక్క సూసి పెట్టినవ్?”

“ఎర్ర సుక్క మామా.”

“అదెవరు పెట్టిన్రు?”

“నేనే.”

సేటు కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. గుమ్మం దగ్గర బస్తాలు మోసేవాళ్లు ఆగి మరీ చూశారు. “అంటే, నువ్వే బొట్టు పెట్టి, నువ్వే దాన్ని సూసి, నువ్వే ఉల్ట గుచ్చినవా తల్లీ! పది రోజులా!”

భూమి నన్ను మింగడానికి సిద్ధంగా ఉన్నట్టు లేదు. గచ్చు గట్టిది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్న సేటు, ఉన్నట్టుండి ఆగాడు. మామ చేతివైపు చూశాడు. తెర మీది అంకె ఆయన కళ్లలో ఇంకా ఉన్నట్టుంది.

“సైదులూ, ఇటు రా.”

ఉల్టా చిప్పును పీకేసి, డబ్బా పట్టుకుని డ్రయ్యర్ దగ్గరికి నడిచాం. గుప్పెడు వడ్లు తీసి మామ చేతిలో పోశాడు సేటు. “ఎంత?”

“యాభై నాలుగు.” తీగ పెడితే యాభై నాలుగు.

ఇంకో చోటి నుంచి ఇంకో గుప్పెడు. “యాభై ఏడు.” తీగ యాభై ఏడు అంది. మూడోసారి మామ నలభై తొమ్మిది అంటే తీగ యాభై అంది.

“ఒకటి తేడా వచ్చింది” అన్నాడు సేటు, ఏదో ఒకటి అనాలని.

“తీగను ఇంకో గడియ ఉంచు సేటూ” అన్నాడు మామ. ఉంచితే, నలభై తొమ్మిది అయింది.

సేటు వడ్లను మళ్లీ డ్రయ్యర్లో పోసి, చేతులు దులుపుకున్నాడు. “చెయ్యి మొద్దుబారలే.”

“నేను గదే అంటున్న సేటూ, నెల నుంచి.”

“అయితే ఆ నూకలు కరెంటు పనే. సరే తీయ్, కొత్తాయనకు రావద్దని నేనే చెప్త.”

మామ తెల్లచొక్కా చేతులు మడిచి, అక్కడే పనిలోకి దిగిపోయాడు.

నా సంచిలో రెండో చిప్పు ఉండనే ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు, గుంట ఒక్కటే ఉంది. ఆ గుంట చూసి గుచ్చాను. నువ్వెవరని అడిగానో లేదో, పెళ్లికొడుకు తరఫువాళ్లలా కంపెనీ పేరు, వంశం, సైజు అన్నీ ఏకరువు పెట్టింది. వేడి కొలిచే తీగను డ్రయ్యర్లోకి దించాను. ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే, పోయినంతసేపు పుస్తకం ఖాళీ, వచ్చిన నిమిషంలో వేడి నెత్తికెక్కి ఉంది. గింజ మామ చేతికి అందేసరికి అంకె దిగింది. ఆయన నెల రోజులుగా చెబుతున్నది అచ్చంగా అదే.

సేటు తెరను చూసి తలూపాడు. మామ నాతో మెల్లగా, “నేను సెప్తే ఇనలే. సింతగింజ సెప్తే ఇన్నడు” అన్నాడు.

ఇందులో ఆ తల్లి తప్పు ఏమీ లేదని ఇంటికొచ్చి దీపం పెట్టేటప్పుడు అర్థమైంది. మామ చెయ్యి మొద్దుబారలేదని సేటుకు తెలిసేట్టు చెయ్యమని అడిగాను. చేసింది. చిప్పు పనిచేయాలని నేను అసలు అడగనే లేదు. మాడిపోయిన ఆ చిప్పు ఇప్పటికీ దేవుని అర్రలోనే ఉంది. సైదులు మామను నిలబెట్టింది పనిచేసిన చిప్పు కాదు, చచ్చిన చిప్పే కదా.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను. దసరా తర్వాత డబ్బాను చూసిపొమ్మని మామ కబురు పెడితే మళ్లీ మిల్లుకు పోయాను. డబ్బా గోడకు ఠీవిగా వేలాడుతోంది. ఆయుధపూజ రోజు సేటు స్వయంగా దానికి పసుపు రాసి, రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టాడట. ఎక్కడ? సరిగ్గా తెర మధ్యలో. అంకె ఒక్కటి కనపడదు.

“తుడవచ్చు గద సేటూ?”

“అమ్మో! పూజల పెట్టింది, ఎట్ల తుడుస్త?”

“మరి ఏడి ఎంతున్నదో ఎట్ల తెలుస్తున్నది?”

“ఎట్లేంది? సైదులును అడుగుతున్నం.”

అందుకని, ఎనిమిది కాళ్ల సాక్షిగా, నాలుగు తీగల సాక్షిగా, దేవుని అర్రలోని ఆ అమరజీవి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో చిప్పుకు బొట్టు పెట్టను. పెడితే డబ్బాకు, అదీ వెనకవైపు, అదీ మూత బిగించాక. ఎవరైనా చుక్క ఎటుందని ఫోన్‌లో అడిగితే, దాని రంగు చెప్పి వాళ్లను బెదరగొట్టను.

మీకు ఒక్క విన్నపం. ఇడ్లీ రవ్వ ఉప్పుడు బియ్యంతోనే పడతారు. రేపు పొద్దున మీ పళ్లెంలో ఇడ్లీ మెత్తగా తెగినప్పుడు నన్ను తలచుకోకపోయినా ఫర్వాలేదు, నా డబ్బాను అసలే వద్దు. మిర్యాలగూడలో గుప్పెడు వడ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడే సైదులు మామను ఒక్కసారి తలచుకోండి. చాలు.